సవరణ: కరెంటు పోతే సోలార్ కూడా ఆగుతుంది

"పైకప్పు మీద సోలార్ పెట్టుకుంటే ఇక కరెంటు కోతల టెన్షన్ ఉండదు" అని ఇంతకుముందు పోస్టులో ఉన్న వాక్యం బ్యాటరీ ఉన్న ఇళ్లకే వర్తిస్తుంది. బ్యాటరీ లేకుండా నేరుగా గ్రిడ్‌కు (బయటి కరెంటు లైన్లకు) కలిపిన మామూలు సిస్టమ్ అయితే బయట లైన్‌లో కరెంటు పోగానే ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పరికరం) కూడా తనంతట తానే ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతున్నా సరే ఇంట్లో ఫ్యాన్ తిరగదు. ఇది లోపం కాదు, కావాలని పెట్టిన ఏర్పాటు: లైన్ ఆపేశారు కదా అని తీగలు బాగుచేస్తున్న మనిషికి మన ఇంటి నుంచి వెళ్లే కరెంటు తగిలితే ప్రాణమే పోవచ్చు. కోతల్లోనూ నడవాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్ (గ్రిడ్‌తోనూ బ్యాటరీతోనూ పనిచేసేది), బ్యాటరీ కావాలి, ఖర్చు బాగా పెరుగుతుంది. కోతలు అరుదుగా ఉండే చోట అంత అవసరం లేదనే నేను అంటాను.

ఇంకొకటి. ఆ పోస్టులోనే "3 కిలోవాట్లు" అన్నది ప్యానెళ్ల సామర్థ్యం, రోజుకు వచ్చే యూనిట్లు కాదు. అదీ ప్యానెల్‌లోని సోలార్ సెల్ 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నప్పుడు కొలిచే లెక్క, వేడెక్కే కొద్దీ ఉత్పత్తి తగ్గుతుంది (కావాల్సింది వెలుతురు, వేడి కాదు). ఎండ బాగా కాసే చోట 1 కిలోవాట్‌కు రోజుకు సుమారు 4 యూనిట్లు వేసుకుని, మీ బిల్లులోని నెల వాడకంతో పోల్చి చూసుకోండి.