వెబ్ నోట్ గారికి, ఒక అభ్యర్థిని రాస్తున్న ఉత్తరం

గౌరవనీయులైన వెబ్ నోట్ గారికి,

నమస్కారాలు. మొన్న శనివారం రాత్రి 9:40కి పబ్లిక్ సర్వీస్ కమిషన్ వెబ్‌సైటులో ప్రకటన రూపంలో తమరు దయచేశారు. తెల్లారితే పరీక్ష. మేమేమో బస్టాండు వెనక లాడ్జి గదిలో ఉన్నాం, నాన్న పులిహోర పొట్లం విప్పుతున్నాడు, నేను హాల్ టికెట్ మీద ఫొటో మూల లేచిందని గమ్ రాసి బొటనవేలితో అదిమి పట్టుకున్నాను. వాట్సాప్ గ్రూపులో ఎవరో మిమ్మల్ని పెట్టారు. రెండంటే రెండు వాక్యాలు. పరీక్ష వాయిదా, కొత్త తేదీ తర్వాత చెప్తాం.

మొదట మిమ్మల్ని నమ్మలేదు, ఏమీ అనుకోవద్దు. మధ్యాహ్నమే మీ పేరు పెట్టుకుని ఒక దొంగ నోట్ తిరిగింది. అందులో వానలని, సెంటర్లు చాలలేదని కారణాలు వివరంగా ఉన్నాయి, అంత వివరంగా చెప్పారంటే ఫేకే అని అందరం ఐదు నిమిషాల్లో తేల్చేశాం. మీ దగ్గరికొచ్చేసరికి కారణం ఒక్కటే ముక్క, "పరిపాలనా కారణాల వల్ల". అది చూశాక ఇక అనుమానం లేదు, అసలుదే.

లాడ్జి అడ్వాన్సు ఐదొందలు పోయింది, పోనీయండి. బూట్లతో లోపలికి రానివ్వరని కొన్న చెప్పులు ఎలాగూ ఇంటిదగ్గర పనికొస్తాయి. నేను చెప్పే స్కూల్లో శనివారం సెలవుకు జీతం కోస్తారు, అదీ అలవాటే. పరీక్ష అయ్యాక పెళ్లిచూపులు పెట్టుకుందామన్న మేనత్త మాత్రం మీకంటే ముందే కొత్త తేదీ ప్రకటించేలా ఉంది.

నన్ను తినేస్తున్నది ఆ ఒక్క ముక్కే. పులిహోర ముద్ద చేతిలో పెట్టుకుని నాన్న అడిగాడు, "పరిపాలన కారణాలంటే ఏంది బిడ్డా?" అని. పాలిటీ పుస్తకం నాలుగుసార్లు తిరగేసినదాన్ని. రాజ్యాంగం 315వ అధికరణం ప్రకారం కేంద్రానికి, రాష్ట్రాలకు పబ్లిక్ సర్వీస్ కమిషన్లు, వాటి విధులు 320లో, నిద్రలో లేపి అడిగినా చెప్తాను. దీనికి మాత్రం నోరు రాలేదు.

"ఎవరన్న పెద్దమనిషి పోయిండా?"

లేదు నాన్నా.

"వానలా?" కిటికీలోంచి చూశాడు, చుక్కలు కనిపిస్తున్నాయి.

"మరి పేపర్ లీకయిందా?"

చెప్పలేదు నాన్నా.

"చెప్పకుంటె మనకెట్ల తెలుస్తది?"

అదేనండీ నేనూ అడిగేది. రేపు నేను ఒక్క నిమిషం ఆలస్యంగా వెళ్లి, పరిపాలనా కారణాల వల్ల లేటయిందని అంటే మీ గేటు తెరుస్తారా? పోయినసారి మా సెంటర్ దగ్గర చంటిపిల్లను తల్లి చేతిలో పెట్టి పరుగెత్తుకొచ్చిన ఒకామె గేటు ఊచలు పట్టుకుని ఎంత ఏడ్చినా తెరవలేదు. ఆమె కారణమేంటో వీధి వీధంతా విన్నది, దానికి విలువ లేదు. నువ్వు మాత్రం లక్షల మందిని ఇళ్లకు తోలేసి ఒక్క కారణం చెప్పవు. ఇంకో వాక్యం రాస్తే నీ సొమ్మేం పోయింది? చేతకాలేదని రాయి, పేపర్ పోయిందని రాయి, సెంటర్ వాళ్లు బెంచీలు ఇవ్వలేదని రాయి, ఏదో ఒకటి రాసి చావు!

క్షమించాలి. ఏకవచనం దొర్లింది.

మీ వంశచరిత్ర తెలియక కాదు. తెలంగాణ గ్రూప్-2కు 783 పోస్టులతో 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. 2023 ఆగస్టు పరీక్ష నవంబరుకు, నవంబరుది 2024 జనవరికి, జనవరిది ఆగస్టుకు, ఆగస్టుది డిసెంబరు 15, 16 తేదీలకు మారింది. ఈలోపు నా నోట్సులో గవర్నర్ పేరు రెండుసార్లు కొట్టేసి రాశాను, రైతుబంధు పేజీ చింపి రైతు భరోసా పేజీ అతికించాను, టీఎస్ అని ఉన్నచోటల్లా టీజీ అని దిద్దాను. రాష్ట్ర ప్రభుత్వం ఏటా అంకెలతో వేసే సోషియో ఎకనామిక్ అవుట్‌లుక్ కొత్తది వచ్చేసరికి పాత అంకెలన్నీ బుర్రలోంచి కడిగేసుకోవడానికే వారం పట్టింది. కొన్ని ఇప్పటికీ పోలేదు, తప్పు ఆప్షన్ దగ్గర అవే గుర్తొస్తాయి.

అయితే ఒకటి దాచడం న్యాయం కాదు. ఆ వాయిదాల్లో మేం కోరి తెచ్చుకున్నవీ ఉన్నాయి. 2024లో టీచర్ ఉద్యోగాల డీఎస్సీ పరీక్షలు ఆగస్టు 5 దాకా ఉంటే గ్రూప్-2 ఏడు, ఎనిమిది తేదీల్లో పెట్టారు. అప్పుడు హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్ రోడ్ల మీద మీరు రావాలి, మీరు రావాలి అని అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను, రెండ్రోజులు గొంతు పెగల్లేదు. మీరొచ్చిన రోజు మా హాస్టల్లో మీ ప్రింటు తీసి గోడకు అతికించారు, ఎవరో దానికి బొట్టు కూడా పెట్టారు. ఆ రోజు మిమ్మల్ని ఎందుకని ఒక్కరం అడగలేదు. పక్క రాష్ట్రం ఆంధ్రా వాళ్లకు ఆ భాగ్యమూ లేదు, 2025 ఫిబ్రవరి 23న గ్రూప్-2 మెయిన్స్ అంటే ముందురోజంతా మీకోసం ఎదురుచూసి, మీరు రాక, తెల్లారి బిక్కుబిక్కుమంటూ వెళ్లి రాసొచ్చారు.

ఇప్పుడు నేను మళ్లీ రోజుకు ఇరవైసార్లు మీ సైటు తెరుస్తున్నాను, తెరుచుకున్నప్పుడు. కొత్త తేదీ మోసుకుని ఎప్పుడో ఒకప్పుడు మీరే రావాలి కదా. వచ్చేటప్పుడు కాస్త రాత్రి ఎనిమిదిలోపు రండి, నాన్న తొమ్మిదికే పడుకుంటాడు. ఆ కారణం ఏందో తెలిసిందా అని పొద్దున్నే ఫోన్ చేసి అడుగుతున్నాడు.

ఇట్లు,
చెప్పులు కొత్తగానే ఉన్న ఒక అభ్యర్థిని