సగం ట్యాంకులో, సగం ఆయిల్లో

పద్మ: ఒరేయ్ శీనూ! ముందు ఆ జనరేటర్ ఆపరా!

శీను: ఉండక్కా, ఇంజిన్‌కి పోసిన మందు ఇప్పుడే పనిచేస్తోంది. చూడు, లోపల పేరుకున్న కార్బనంతా ఎలా బయటికి తన్నుకొస్తోందో!

పద్మ: కార్బన్ నల్లగా ఉంటుంది. ఈ పొగ తెల్లగా ఉంది.

శీను: కడిగిన కార్బన్ కదా.

పద్మ: నీ మొహం. నువ్వు పోసిన మందే కాలీకాలక వస్తోంది. పైగా కిటికీ కింద పెట్టి నడుపుతున్నావు. కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకొస్తే తెలిసేలోపే పోతాం. దానికి రంగుండదు, వాసనుండదు.

శీను: ఇంత పొగ కనిపిస్తుంటే రంగుండదంటావేంటి?

పద్మ: ఆపుతావా లేదా?

(శీను స్విచ్ కట్టేస్తాడు. ఇద్దరూ జనరేటర్‌ని పెరటి చివరికి మోసుకెళ్తారు.)

పద్మ: ఇప్పుడు చెప్పు. ఏం పోశావు, ఎంత పోశావు?

శీను: ఇంజిన్ క్లీనర్. సీసాలో సగం ట్యాంకులో, సగం ఇంజనాయిల్లో. ఎవరికీ అన్యాయం జరగకుండా.

పద్మ: సీసా ఎంతది?

శీను: 400 మిల్లీ పైనే ఉంటుంది.

పద్మ: ట్యాంకులో పెట్రోలెంతుంది?

శీను: లీటరు.

పద్మ: సీసా మీద ఏం రాశాడో చదివావా?

శీను: చదివా. ‘గాలన్‌కు ఒక ఔన్స్’ అట. గాలన్ అంటే ‘చాలా’ అని, ఔన్స్ అంటే ‘కొంచెం’ అని అర్థం చేసుకుని చూపు కొలతతో పోశా.

పద్మ: అమెరికా గాలన్ 3.785 లీటర్లు. ఔన్స్ 29.6 మిల్లీ. లెక్కేస్తే లీటరుకు 8 మిల్లీ. బాగా మురికిపట్టిన ఇంజినయితే దానికి రెట్టింపు, 16. నువ్వు 200 పోశావు.

శీను: పన్నెండింతలు శుభ్రమవుతుంది.

పద్మ: పన్నెండింతలు ప్లగ్గు తడుస్తుంది. ఇలాంటి సీసాల్లో చాలావాటిలో పలచటి నూనె ఉంటుంది, కరిగించే ద్రావకం ఉంటుంది. మోతాదులో ఉంటే పెట్రోలుతోపాటు కాలిపోతాయి. మించితే మిస్సింగ్ కొడుతుంది, పొగొస్తుంది, సైలెన్సర్ జిడ్డోడుతుంది. చిన్న ట్యాంకులకి సీసా మూతతో కొలవకూడదురా, 10 మిల్లీ సిరంజి పెట్టుకోవాలి.

శీను: ఇంజిన్‌కి ఇంజెక్షనా!

పద్మ: ఇంతకీ దీనికొచ్చిన రోగమేంటి?

శీను: చోక్ తోసెయ్యగానే ఆగిపోతోంది. సగం చోక్ మీదైతేనే నడుస్తోంది. ఖాళీగా తిరిగేటప్పుడు ఊగుతోంది కూడా: ఊ… ఊఊ… ఊ… ఊఊ…

పద్మ: ఆ పాట చాల్లే. చోక్ వేస్తే గాలి తగ్గుతుంది. గాలి తగ్గిస్తేనే నడుస్తోందంటే, దానికందే పెట్రోలు చాలట్లేదని. కార్బొరేటర్‌లో పెట్రోలు వదిలే సన్న రంధ్రాలు రెండుంటాయి, జెట్‌లంటారు. ఖాళీగా ఉన్నప్పుడు ఊగడం పైలట్ జెట్ పని. లోడు వెయ్యగానే చతికిలపడితే మెయిన్ జెట్ పని. నీకు రెండూ సగం పూడుకున్నాయి. ఎన్నాళ్లయింది నడిపి?

శీను: పోయిన వానాకాలంలో నడిపినట్టు గుర్తు. పెట్రోలు మాత్రం అప్పటిదే, వృథా ఎందుకని ఉంచా.

పద్మ: అదే కొంపముంచింది. నెల దాటితే పెట్రోల్లో తేలికగా ఆవిరయ్యేవన్నీ పోతాయి. మిగిలింది జిగురై, వార్నిష్‌లా పట్టేస్తుంది. ఇథనాల్ కలిసిన పెట్రోలైతే గాల్లో తేమ పీల్చుకుంటుంది. తేమ ఎక్కువైతే ఇథనాలూ నీళ్లూ కలిసి విడిపోయి అడుక్కి దిగుతాయి.

శీను: అందుకేగా మందు పోసింది!

పద్మ: మందు పెట్రోలుతోపాటే నడుస్తుంది. పెట్రోలు పోని చోటికి మందు మాత్రం ఎలా పోతుంది? సన్నగా జిగురు పట్టిన జెట్ అయితే నాలుగు ట్యాంకుల్లో నెమ్మదిగా కరగొచ్చు. పూర్తిగా మూసుకుంటే సీసాలకు సీసాలు పోసినా ట్యాంకులోనే ఉంటుంది.

శీను: అయితే ఈ మందులన్నీ మోసమేనంటావు.

పద్మ: అలా అన్లేదు. పాలీఈథర్ అమైన్ అనే రసాయనం ఉన్న రకం వాల్వుల వెనకా, పిస్టన్ తలమీదా పట్టిన మసిని బాగానే ఊడదీస్తుంది. కాకపోతే నడిచే ఇంజిన్‌కి, లోడు మీద, ఒకటి రెండు ట్యాంకులు. ఆ మందు కొంత పిస్టన్ రింగులు దాటి ఆయిల్లోకి దిగుతుంది కాబట్టి తర్వాత ఆయిల్ మార్చెయ్యాలి. నడవని ఇంజిన్‌కి చెయ్యాల్సింది విప్పడం.

శీను: విప్పుదాం. పానా ఎక్కడుంది?

పద్మ: ముందు ఆయిల్. వేడిగా ఉన్నప్పుడే దించాలి, మురికితోపాటు దిగుతుంది. కార్బొరేటర్ చల్లారాక. సైలెన్సర్ కాలుతుండగా పక్కన పెట్రోలు ఒలకబోస్తే మనల్నీ దించుతారు.

శీను: ఆయిల్ ఇప్పుడే శుభ్రమైంది కదక్కా, 200 మిల్లీ…

పద్మ: దీనికి పట్టే ఆయిలే 600 మిల్లీ. క్వార్ట్‌కు, అంటే పావు గాలన్‌కు, ఒకటిన్నర ఔన్సులని సీసా మీదే ఉంది. అంటే దీనికి 28 మిల్లీ. నువ్వు పోసిందానితో మట్టం పెరిగింది, ఆయిల్ పలచబడింది. ఎక్కువైన ఆయిల్ నురగ కట్టి, బ్రీదర్ గొట్టంలోంచి గాలి ఫిల్టర్‌లోకి పోతుంది. ఫిల్టర్ తీసి చూడు.

శీను: (తీసి) …ఎవరో ఆయిల్లో ముంచినట్టుందక్కా, పిండితే కారేలా.

పద్మ: ఎవరో కాదు, నువ్వే. సబ్బునీళ్లలో ఉతికి, బాగా ఆరబెట్టి, ఒక్క చుక్క ఆయిల్ రాసి పిండి పెట్టు. ఇంకో సంగతి. ఇలాంటి చిన్న ఇంజిన్లలో చాలావాటికి ఆయిల్ ఫిల్టరే ఉండదు, పంపూ ఉండదు. కనెక్టింగ్ రాడ్ అడుగునున్న చిన్న కొమ్ము ఆయిల్ని లోపలంతా చిమ్ముతుంది. మందుతో మడ్డి ఊడిందనుకో, పట్టుకునే ఫిల్టర్ లేదు. అదే మడ్డి బేరింగుల్లో తిరుగుతుంది. అందుకే ఆయిల్ మందు పోస్తే లోడు లేకుండా 5, 10 నిమిషాలు తిప్పి వెంటనే దించెయ్యాలి.

శీను: కిరసనాయిల్ పోసి కడిగితే?

పద్మ: అంత పలచటిదాంతో తిప్పితే సిలిండర్ గీతలు పడుతుంది. మంచి ఆయిల్ పోసి 5 గంటలు నడిపి, అదీ దించి, మళ్లీ పోస్తే అంతకన్నా బాగా కడుగుతుంది. సమతలంగా పెట్టి, నింపే రంధ్రం అంచుదాకా. దించిన ఆయిల్ డబ్బాలో పట్టు. మొక్కల్లో పొయ్యకు.

(గంట తర్వాత.)

పద్మ: పెట్రోలు ట్యాప్ కట్టెయ్. కార్బొరేటర్ అడుగు గిన్నె బోల్టు 10 మిల్లీమీటర్ల పానాతో విప్పు. పాత పెట్రోలంతా డబ్బాలోకి. గిన్నెలో ఏముంది?

శీను: అంచు చుట్టూ గోధుమరంగు పొర. అడుగున తెల్లటి పలుకులు.

పద్మ: గోధుమరంగు జిగురు. తెల్లటివి నీళ్లు పడి అల్యూమినియం తిన్న గుర్తు. ఇప్పుడు ఫ్లోట్ పిన్ను లాగు, ఫ్లోటూ సూదీ జాగ్రత్తగా బయట పెట్టు. నడిమి స్తంభంలో ఇత్తడి స్క్రూలా ఉన్నది మెయిన్ జెట్. గాడికి సరిపోయే స్క్రూడ్రైవర్ పెట్టు, చిన్నదయితే గాడి అరుగుతుంది. దాని వెనకాల గొట్టం కూడా జారి పడుతుంది, పట్టుకో.

శీను: పట్టుకున్నా! ఎంత చిన్న రంధ్రమో… సూది దూరుస్తా ఉండు.

పద్మ: దూర్చావంటే చెయ్యి విరుస్తా! ఇనుప సూది ఇత్తడిని గీసేస్తుంది. రంధ్రం వెడల్పయితే పెట్రోలు ఎక్కువై నల్లపొగ మొదలవుతుంది. వైరులోంచి ఒక్క రాగి పోగు తీసుకో, లేదా నైలాన్ పోగు. ముందు కార్బొరేటర్ స్ప్రే కొట్టు. కళ్లద్దాలు పెట్టుకో! ఒక రంధ్రంలో కొడితే ఇంకో రంధ్రంలోంచి సూటిగా కంట్లోకొస్తుంది.

శీను: (కొట్టి) అమ్మో! నా చొక్కా!

పద్మ: కళ్లు మిగిలాయిగా. రబ్బరు ఓరింగులకీ గాస్కెట్లకీ స్ప్రే తగలనివ్వకు, ఉబ్బుతాయి. పైలట్ జెట్‌కీ ఇదే పని. తర్వాత గాలి కొట్టి, జెట్‌ని వెలుతురుకి పట్టి చూడు.

శీను: కనిపిస్తోంది. చిన్న వెలుగు చుక్క.

పద్మ: గుండ్రంగా ఉందా?

శీను: ఒక పక్క కొంచెం నొక్కుకుపోయినట్టుంది. అర్ధచంద్రుడిలా.

పద్మ: అయితే ఇంకా ఉంది. మళ్లీ స్ప్రే, మళ్లీ పోగు. పౌర్ణమి అయ్యేదాకా.

(విప్పినవన్నీ విప్పిన వరసకి ఎదురు వరసలో బిగించి, కొత్త పెట్రోలు పోసి తాడు లాగుతారు. రెండో లాగుడుకి అందుకుంటుంది. చోక్ తోసేస్తారు. ఊగడం లేదు.)

శీను: నా చెయ్యి మంచిది!

పద్మ: ఇకనుంచి నెలకు మించి నడపకపోతే, తాజా పెట్రోల్లోనే అది పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ మందు కలిపి 10 నిమిషాలు తిప్పు, కార్బొరేటర్‌లోకి చేరాలి. లేదంటే ట్యాప్ కట్టి అదే ఆగిపోయేదాకా నడుపు. పాడైన పెట్రోలుని ఏ మందూ బాగుచెయ్యదు.

శీను: సరేగానీ అక్కా, ఆ గడ్డికోసే బ్రష్ కట్టర్‌కి ఆయిల్ మూత ఎక్కడుంటుంది? పొద్దున్నుంచీ వెతుకుతున్నా.

పద్మ: అది టూ స్ట్రోక్‌రా. ఆయిల్ పెట్రోల్లోనే కలపాలి. 50కి 1 అయితే లీటరుకు 20 మిల్లీ. మసి పట్టేది సైలెన్సర్‌ జాలీకి, ఎగ్జాస్ట్ రంధ్రానికి. అది గీకాల్సిందే. నువ్వేం పొయ్యలేదు కదా?

శీను: మూత దొరకలేదు. ప్లగ్గు విప్పితే రంధ్రం దొరికింది. సీసా మూతెడు.

పద్మ: సిలిండర్‌లోనా! గాలయితే నొక్కుకుంటుంది, ద్రవం నొక్కుకోదు. రాడ్డు వంగుతుందిరా! తాడు లాగావా?

శీను: లాగా. కదల్లేదు. అందుకే జనరేటర్ దగ్గరికొచ్చా.

పద్మ: ప్లగ్గు విప్పి బోర్లించు. ప్లగ్గు తీగ దూరంగా పెట్టి, మెల్లగా తాడు లాగు. ఆ రంధ్రం ముందు మొహం పెట్టకు.

శీను: మొహం పెట్టకపోతే ఏమైనా వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

పద్మ: నీ చొక్కా ఉందిగా, అది ఎలాగూ పోయింది. అడ్డం పెట్టు.