మర తిప్పేది ఎవరు?

విజయనగరంలో వీణ వాయించే మామయ్య, ఎలక్ట్రిక్ గిటారు వాయించే మేనకోడలు. ఖాళీ తీగలు శ్రుతిలోనే ఉన్నా, గిటారు పై మెట్లకు వెళ్లేసరికి అపశ్రుతి పలుకుతోంది. తానే సరిచేస్తానని ఆమె, వద్దని ఆయన.

మామయ్య: ఆ స్క్రూడ్రైవర్ కింద పెట్టమ్మా. నా వీణకు మెట్లు మళ్లీ నిలబెట్టాలంటే బొబ్బిలి పనివారే చేయాలి. మైనంలో 24 మెట్లూ ఒక్కొక్కటిగా చెవితో విని అమరుస్తారు. 40 ఏళ్లలో నేను ఒక్క మెట్టునూ కదపలేదు.

కోడలు: మీ మెట్లు మైనంలో ఉంటాయి మామయ్యా. గిటారు మెట్లు మెడలో దిగగొట్టిన లోహం, వాటి జోలికి నేను పోవడం లేదు. కదిలేది గిటారు ఒంటి మీద తీగలను మోసే బ్రిడ్జిలో, తీగ ఆనే చిన్న దిమ్మ, సాడిల్. నా గిటారులో తీగకొకటి, దాని వెనక ఒక మర. తిప్పుకోమనే దాన్ని పెట్టారు.

మామయ్య: ఎంత తిప్పాలో ఎవరు చెబుతారు?

కోడలు: 12వ మెట్టు. అక్కడ తీగకు వేలు తాకీ తాకకుండా ఆనించి మీటితే పై స్థాయి స్వరం వస్తుంది. తర్వాత అక్కడే నొక్కి మీటాలి. రెండూ ఒకటిగా పలకాలి. నొక్కిన స్వరం హెచ్చితే సాడిల్‌ను వెనక్కి జరపాలి, తగ్గితే మెడ వైపుకు. జరిపిన ప్రతిసారీ ఖాళీ తీగను మళ్లీ శ్రుతి చేసుకుని చూడాలి.

మామయ్య: ఈ తీగలు ఎప్పటివి?

కోడలు: ఏడాది దాటింది.

మామయ్య: చెమట పట్టి, మెట్ల మీద ఒరుసుకుని నొక్కులు పడిన తీగ పొడవునా ఒకేలా మోగదు. దానికి కుదిరేలా సాడిల్ జరిపితే కొత్త తీగ వేసిన రోజున మళ్లీ తప్పే. తొందర వద్దన్నది ఇందుకే!

కోడలు: నిజమే. ముందు తీగలు మారుస్తాను. ఆ తర్వాత మెడ వంపు, తీగల ఎత్తు. సాడిల్ అన్నిటికన్నా చివర. మెడ వంపును సరిచేసే లోపలి కడ్డీని ఒక్కసారికి పావు చుట్టుకు మించి తిప్పను.

మామయ్య: మొదటి మెట్టులోనే హెచ్చితే?

కోడలు: మెడ చివర తీగలు ఆనే పట్టీ, నట్, దాని గాడి లోతు చాలలేదేమో. ఆకురాయితో ఎక్కువ అరగదీస్తే వెనక్కి తీసుకోలేం. ఆ పని మాత్రం చేయి తిరిగినవారికే ఇస్తాను. మిగతాదానికి, తీగల మందం మార్చినప్పుడల్లా గిటారును విశాఖకు మోసుకెళ్లమంటారా?

మామయ్య: సరే. అన్నీ చేశావనుకో. ఇ మేజర్ కార్డు అంటూ కొన్ని స్వరాలు కలిపి మీటితే అందులో గాంధారం, అదే 'గ', నా చెవికి గుచ్చుకుంటుంది. అప్పుడు ఏ మర తిప్పుతావు?

కోడలు: నిన్న రాత్రి రెండింటి దాకా మూడో తీగ మరను అందుకే తిప్పాను. శ్రుతి చూపే ట్యూనర్ సరిగ్గానే ఉందంటుంది, నా చెవి ఒప్పుకోదు.

మామయ్య: ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన ఊరమ్మా ఇది. ఆ వాద్యానికి మెట్లే లేవు, చెవే ఆధారం. నీ చెవి చెప్పింది నిజం. షడ్జానికి, అంటే 'స'కు, శుద్ధమైన అంతర గాంధారం కంపనాల లెక్కలో 5:4 నిష్పత్తిలో ఉంటుంది. నీ గిటారు స్థాయిని, అంటే 'స' నుంచి పై 'స' దాకా ఉన్న దూరాన్ని, 12 సమభాగాలు చేసింది కనుక దాని గాంధారం దాదాపు 14 సెంట్లు పైన పడుతుంది. సెంటు అంటే అరస్వరంలో నూరో వంతు. అది ఆ వాద్యం లెక్క, ఏ మరా దాన్ని మార్చలేదు.

కోడలు: మరి మీరొకటి, ట్యూనర్ ఒకటి చెబితే?

మామయ్య: 12వ మెట్టు దగ్గర ట్యూనర్ మాట విను. గాంధారం దగ్గర నా మాట విని మర వదిలేయి.