కట్లపాము కరిచిన బొమ్మ కావాలి

2019 కొత్త సిలబస్ వచ్చిన దగ్గర్నుంచీ మెడికల్ కాలేజీల్లో స్కిల్స్ ల్యాబ్ (పేషెంట్ బదులు బొమ్మ మీద స్టూడెంట్స్ పని నేర్చుకునే గది) గురించి అందరూ వింటున్నదే, ఆ చరిత్ర మళ్ళీ ఎత్తను. నా గొడవ వేరే. లక్షలు పోసి కొన్న ఆ బొమ్మకి నాడి కొట్టుకుంటుంది, ఛాతీ లేస్తుంది, కానీ చెప్పుకోడానికి కథ ఉండదు. ఉన్న కథ కూడా ఎక్కడో విదేశంలో రాసింది, ఛాతీ నొప్పితో వచ్చే యాభై ఏళ్ళ పెద్దమనిషి, ఏం అడిగినా టకటకా చెప్పేస్తాడు, వాడే మందులు డోసులతో సహా. అలాంటి పేషెంట్ మన క్యాజువాలిటీకి ఎప్పుడొచ్చాడండీ?

మనకొచ్చే కేసు ఇలా ఉంటుంది. తెల్లారగట్ల నాలుగింటికి ఒక కుర్రాడిని ఆటోలో తెస్తారు, కడుపునొప్పి, రెండు వాంతులు. "రాత్రి బయట నూడిల్స్ తిన్నాడు సార్, గ్యాస్ పట్టేసింది" అని రోగమేంటో కూడా వాళ్ళ నాన్నే తేల్చేస్తాడు. హౌస్ సర్జన్ నిద్రమత్తులో ఒక గ్యాస్ ఇంజెక్షన్ రాసి పక్క బెడ్ దగ్గరికి వెళ్ళాడంటే అయిపోయిందే, ఎందుకంటే అది కట్లపాము కాటు. గాటు కనపడకపోవచ్చు, వాపు పెద్దగా ఉండదు, నిద్రలో కరిస్తే కరిచినట్టు కూడా తెలీదు. కాసేపటికి రెప్పలు వాలతాయి, మాట ముద్దగా వస్తుంది, తర్వాత ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. "రాత్రి ఎక్కడ పడుకున్నావురా, మంచం మీదా, కిందా?" అని అడగాలని తట్టిందా, ఆ కుర్రాడు బతికినట్టే.

ఇప్పుడు దీన్ని సిమ్యులేషన్‌గా, అంటే నిజం కేసులా ఆడించే ప్రాక్టీసుగా రాయండి. ఆ ప్రశ్న అడిగితేనే "కిందే, చాప మీద" అన్న జవాబు రావాలి, అడక్కపోతే గడియారం ఆగకూడదు, పదో నిమిషానికి రెప్పలు వాలాలి, అప్పుడే వాళ్ళ నాన్న "ప్రైవేటుకి తీసుకుపోతాం" అని గొడవ మొదలెట్టాలి, ఆ గోలలోనే సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్) పడిపోతుంటే స్టూడెంట్‌కి అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి ఊపిరి అందించే సంచి) గుర్తు రావాలి, యాంటీ వీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఎక్కిస్తుంటే రియాక్షన్ వస్తే ఏం చేస్తాడో అదీ చూడాలి. అయ్యాక అరగంట కూర్చోబెట్టి "ఎందుకు అడగలేదు?" అని నిదానంగా మాట్లాడాలి, అసలు చదువు అక్కడే జరుగుతుంది (మన రౌండ్స్‌లో జరిగే తిట్ల కార్యక్రమాన్ని దీంతో కలపొద్దు). ఇలాంటివి ఎన్నని చెప్పను? పురుగుల మందు తాగిన కోడలు, పోలీస్ కేసవుతుందని "తిన్నది పడలేదు" అనే అత్త. ఉద్దానంలో కిడ్నీ పాడైన రైతు, ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల ఇంజెక్షన్లు చేయించుకున్న సంగతి మూడోసారి అడిగితే గానీ చెప్పడు.

దీనికి మెషీన్ కూడా అక్కర్లేదు. 1963లో లాస్ ఏంజెలెస్‌లో హోవర్డ్ బారోస్ అనే న్యూరాలజిస్ట్ మామూలు మనిషికే జబ్బు లక్షణాలు నేర్పించి స్టూడెంట్స్ ముందు కూర్చోబెట్టాడు. మనకి నాటకాలాడేవాళ్ళు తక్కువా?

బొమ్మలు దండగ అనట్లేదు, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం), గొంతులో ట్యూబ్ వేయడం బతికున్న మనిషి మీద నేర్చుకోమనలేం, 1960 నాటి రిససీ యాన్ బొమ్మ దగ్గర్నుంచీ అవి చేసిన మేలు ఒప్పుకోవాల్సిందే. కానీ చేతికి పని నేర్పినంత మాత్రాన అడగడం రాదు. ఏఐ పేషెంట్ వచ్చేస్తోంది కదా అంటారా, రానివ్వండి, దానికీ ఈ కథ ఎవరో ఒకరు రాసివ్వాల్సిందేగా.

అసలు విచిత్రమేంటంటే పేషెంట్ వేషం వేసేవాళ్ళు మన దేశంలో ఎప్పట్నుంచో ఉన్నారు! కాలేజీకి అనుమతి కోసం జరిగే ఇన్‌స్పెక్షన్ రోజున బెడ్లు నిండుగా కనపడాలని మనుషుల్ని తెచ్చి పడుకోబెడతారన్న ఆరోపణ పాతదే, 2025లో మెడికల్ కాలేజీల మీద సీబీఐ పెట్టిన కేసులో కూడా లేని ఫ్యాకల్టీ, ఉత్తుత్తి పేషెంట్లు అన్న మాటలున్నాయి. అంటే యాక్టర్లకి డబ్బులిచ్చే అలవాటు ఉంది, డైలాగ్ ఇచ్చే ఓపికే లేదు. మన వైద్య విద్య మొత్తానికీ పట్టిన జబ్బు ఇదేనని నా అభిప్రాయం, ఏది కొన్నా, ఏది కట్టినా ఇన్‌స్పెక్టర్ కంటికోసమే, ల్యాబ్ తాళం ఆయన వచ్చిన రోజే తీస్తారు. కాబట్టి ఆ ఇన్‌స్పెక్షన్‌నే మార్చండి. వచ్చినవాళ్ళు బొమ్మలు లెక్కపెట్టడం, గది కొలవడం మానేసి, ఫైనలియర్ స్టూడెంట్స్‌లో ఎవరో ఒకర్ని పిలిచి, ఆ కడుపునొప్పి కుర్రాడి కేసు ఇచ్చి, గడియారం ఆన్ చేసి కూర్చోవాలి. ఆ కేసు రాసే పని కూడా క్యాజువాలిటీలో నైట్ డ్యూటీలు చేసిన స్టాఫ్ నర్సులకీ, 108లో తిరిగే టెక్నీషియన్లకీ ఇవ్వండి, డబ్బులిచ్చి మరీ.