పది రోజుల్లో షోకి తయారయ్యే కుక్క ఉండదు

ఏటా చలి మొదలయ్యేసరికి విశాఖలోనో మరో పెద్ద ఊళ్లోనో డాగ్ షో ఉందన్న కబురు మా విజయనగరం దాకా వస్తుంది. ఆ కబురు వెనకాలే నాకు ఫోన్లు మొదలవుతాయి. మొన్న తోటపాలెం నుంచి ఒక కుర్రవాడు ఫోన్ చేసి, "అన్నయ్యా, షోకి ఇంకా పది రోజులుంది, మా లాబ్రడార్ కుక్కకి ఏ షాంపూ వాడితే బాగా మెరుస్తుందంటారు?" అని అడిగాడు. వాడి మీద నాకు కోపం రాలేదు, ఎందుకంటే నాలుగేళ్ల కిందట అదే ప్రశ్న నేనూ మరొకరిని అడిగినవాణ్ణే. కోపమల్లా ఆ ప్రశ్నకు ఫలానా షాంపూ అని ఒక పేరు చెప్పి, డబ్బు పుచ్చుకుని పంపేసే వాళ్ల మీద.

షోలో జడ్జి చేసే పని ఏమిటో తెలియకపోవడం వల్లనే ఈ షాంపూ ప్రశ్న పుడుతుంది. అలమండ సంతలో ఎద్దుల జతను బేరమాడే పెద్దరైతును ఎప్పుడైనా గమనించారా? కొమ్ములకు పూసిన రంగునూ మెడలో కట్టిన మువ్వలనూ ఆయన చూడనైనా చూడడు. నోరు తెరిపించి పళ్లు చూస్తాడు, భుజం మీద చేయి వేసి నొక్కుతాడు, తోక మొదలు దాకా వెన్ను తడుముతాడు, ఆపైన నాలుగడుగులు నడిపించమని చెప్పి, తాను వెనక నిలబడి గిట్టలు పడే తీరు చూస్తాడు. కన్ఫార్మేషన్ షోలో, అంటే కుక్క ఒంటి అమరికను చూసే పోటీలో, జడ్జి చేసేది అచ్చంగా అదే. రైతు మనసులో పొలం ఉంటుంది, జడ్జి మనసులో ఆ జాతికి రాసిపెట్టిన ప్రమాణం ఉంటుంది, అంతే తేడా. పక్కన నిలబడ్డ కుక్క కంటే మీది ముద్దుగా ఉందా అన్నది అక్కడ లెక్కలోకే రాదు. ఆ ప్రమాణానికి ఏది ఎంత దగ్గరగా ఉందన్నదే చూస్తారు.

లాబ్రడార్‌నే తీసుకుందాం. పేరు లాబ్రడార్ అనే ప్రాంతానిదైనా దాని పూర్వీకులు కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో చేపల పడవల మీద పనిచేసినవి. ఇంగ్లండులో కుక్క జాతులను నమోదు చేసే కెన్నెల్ క్లబ్ దానిని ఒక జాతిగా గుర్తించింది 1903లో. గడ్డకట్టే నీళ్లలోకి దూకి పని చేసుకొచ్చే కుక్క గనుక, దాని బొచ్చు పొట్టిగా, దట్టంగా, చేతికి కాస్త గరుకుగా తగలాలని, దాని కింద నీటినీ చలినీ ఆపే మరో పొర ఉండాలని, తోక మొదట్లో లావుగా ఉండి చివరకు సన్నబడుతూ నీరుకుక్క (ఆటర్) తోకను పోలి ఉండాలని ప్రమాణంలో రాశారు. భుజం దగ్గర ఎత్తు మగదానికి 56 నుంచి 57 సెంటీమీటర్లు, ఆడదానికి 54 నుంచి 56. మన వైశాఖపు ఎండలో ఆ బొచ్చుతోనే రొప్పుతూ గచ్చు మీద పడి ఉండే దానిని చూస్తే నాకు జాలేస్తుంది గాని, రింగులోకి, అంటే పోటీ జరిగే బరిలోకి, దిగాక జడ్జి వెతికేది ఆ చలినీళ్ల కుక్కనే.

నా మొదటి తప్పు ఇక్కడే జరిగింది. మా ఆడ లాబ్ మల్లికి అప్పుడు తొమ్మిది నెలలు. 6 నుంచి 12 నెలల వయసున్న పిల్లల తరగతిలో పేరు ఇచ్చాను. షోకి ముందురోజు రాత్రి ఖరీదైన షాంపూతో రెండు సార్లు తల నుంచి తోక దాకా రుద్ది, కండిషనర్ కూడా పట్టించి, మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే డ్రైయర్‌తో ఆరబెట్టాను. తెల్లారేసరికి అది పగిలిన పత్తికాయలా ఉంది, నాకు ముచ్చటేసింది. రింగులో జడ్జి రెండు వేళ్లతో వీపు మీద బొచ్చును ఎదురు దిశలో దువ్వి చూశారు, మరోసారి దువ్వారు, నా వంక ఒక్క క్షణం చూసి ముందుకు కదిలిపోయారు. ఆ చూపు నాకు ఆ రోజు అర్థం కాలేదు. లాబ్ బొచ్చుకు ఆ గరుకుదనాన్నీ నిగారింపునూ ఇచ్చేది ఒంట్లో సహజంగా ఊరే నూనె. ముందురోజు స్నానంతో దానిని నేనే కడిగి పారేశాను. మూడు నాలుగు రోజుల ముందే స్నానం ముగించి, చివరి రోజున రబ్బరు బ్రష్షు, తడిగుడ్డ, అంతటితో సరిపెట్టాలి. షిట్జూకో పూడిల్‌కో ఈ మాట వర్తించదు, వాటి జుట్టు కథ వేరు. జాతి ఏదో అడగకుండా షాంపూ పేరు చెప్పేవారిని నమ్మవద్దనడానికి కారణం ఇదే.

కాగితాల సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. షోలో పాల్గొనాలంటే కుక్కకు కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా నమోదు ఉండాలి, ఆ పత్రం మీ పేరు మీదికి మారి ఉండాలి, కుక్క చర్మం కింద అమర్చే మైక్రోచిప్‌లోని 15 అంకెలూ పత్రంలోని అంకెలూ ఒకటై ఉండాలి. మల్లిని నాకు అమ్మిన పెద్దమనిషి "పేపర్లు నెలలో వచ్చేస్తాయండీ" అని పూర్తి డబ్బు పుచ్చుకున్నాడు. ఆ నెల కాస్తా అయిదు నెలలైంది. పిల్లను ఒక చేత్తో, కాగితాన్ని మరో చేత్తో అందుకోగలిగితేనే డబ్బు ఇవ్వండి. పోటీకి పేర్లు తీసుకోవడం షోకి ఎన్నో రోజుల ముందే ముగిసిపోతుందని, ఆ ఉదయం వెళ్లి బతిమాలితే ఎవరూ చేర్చుకోరని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక అసలు జబ్బుకు వద్దాం. మన జిల్లాల్లో పెంపుడు కుక్క బొద్దుగా ఉంటేనే ఆ ఇంటికి గౌరవం. మల్లికి కొలిచిన తిండి పెట్టడం మొదలుపెట్టిన నెలకు మా అమ్మ వరండాలో కూర్చుని, "అదేటిరా, అలా సిక్కిపోనాది? నువ్వు దానికి తిండి ఎట్టడం లేదనుకుంటార్రా ఊరోళ్లు" అని నలుగురూ వినేలా అన్నది. నేను పనికి వెళ్లగానే పెరుగన్నం ముద్దలు, ఇడ్లీలు, తాను కాఫీలో ముంచుకునే బిస్కెట్లలో సగం దానికి వెళ్లేవని పక్కింటివారు చెబితే గాని నాకు తెలియలేదు. మొదటి షో నాటికి అది 33 కిలోలు. ఆ వయసు ఆడ లాబ్‌కు అది ఎక్కువ. పోనీ అది తిండిపోతు కావడం దాని తప్పా అంటే, అదీ కాదు. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు కుక్కలకు ఆకలిని అదుపు చేసే ఒక జన్యువులో లోపం ఉన్నట్టు 2016లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు వెల్లడించారు. ఎంత తిన్నా అది మీ కంచం వంక చూస్తూనే ఉంటుంది, ఆ చూపుకు కరగని అమ్మలు మన వైపు లేరు. అరచేతిని పక్కటెముకల మీద తేలికగా ఆనించినప్పుడు ఎముకలు కంటికి కనబడకుండా వేళ్లకు మాత్రం తెలియాలి, పైనుంచి చూస్తే పక్కటెముకల వెనక నడుము కాస్త లోపలికి తీసి ఉండాలి. కొవ్వు కింద భుజం ఎలా అమరిందో జడ్జి చేతికి దొరకదు. నడిపిస్తే ఒళ్లు అటూ ఇటూ ఊగి, ఉన్న మంచి నడక కూడా కనబడకుండా పోతుంది. ఈ బరువు పది రోజుల్లో తగ్గదు, తగ్గించకూడదు కూడా; దానికి నెలలు పడుతుంది, అంతకంటే ముందు ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించాలి.

ఆ రోజు నన్ను నిజంగా తలదించుకునేలా చేసింది మాత్రం పళ్ల పరీక్ష. ముసలి కుక్క దాకా అన్నిటికీ నోరు తెరిపించే జడ్జి, నల్లకళ్లద్దాలూ టోపీ పెట్టుకుని మల్లి ముందు వంగేసరికి, గేటు లోపల పుట్టి పెరిగినట్టు పెంచిన ఆ పిల్ల నేలకు కరుచుకుపోయి, వెల్లకిలా పడి, పొట్ట చూపించి, నాలుగు చుక్కలు తడిపింది కూడా. ఆయన ఓపికగా రెండు నిమిషాలు ఆగారు. నేను దాని పై పెదవి ఎత్తబోతే నా చేతిలోంచి కూడా తల లాక్కుంది. తప్పు దానిది కాదు. ఎదిగిన కుక్కకు 42 పళ్లుంటాయని, పైవరుస పళ్లు కిందివరుసను కత్తెరలా ముందు నుంచి కప్పుతూ మూసుకోవాలని చదివి ఊరుకున్నానే తప్ప, ఆ నోరు ఒక్క రోజైనా పరాయివాడి చేత తెరిపించలేదు.

తిరిగి వచ్చాక మా పక్కింటి పదేళ్ల కుర్రాణ్ణి పనిలో పెట్టాను. రోజూ సాయంత్రం వాడు వాళ్ల తాతగారి టోపీ పెట్టుకుని, చేతులు వెనక కట్టుకుని, మహా గంభీరంగా మా గేటు తీసుకుని వచ్చేవాడు. మొదటి వారం మల్లి ముందు నిలబడి, వెనక చేతిలో దాచిన ఉడికించిన కోడి కాలేయం ముక్క ఇచ్చి వెళ్లిపోవడమే వాడి పని. తర్వాత భుజం మీద చేయి, ఆ తర్వాత పెదవి ఎత్తి ఒకటి, రెండు అని లెక్క. వెనక దవడ పళ్ల దగ్గరకు రాగానే వాడి లెక్క ఏ రోజూ కుదరలేదనుకోండి. గొడుగు వేసుకుని, కర్ర పట్టుకుని, ఒక రోజు వాళ్ల నాన్న హెల్మెట్ పెట్టుకుని కూడా వచ్చాడు. శిక్షణ పేరుతో వేలకు వేలు తీసుకునేవాళ్లు మా ఊళ్లోనూ ఉన్నారు గాని, వాళ్లలో ఎవరూ ఆ పిల్లవాడు చేసినంత పని చేయలేదని నా అభిప్రాయం.

నిలబెట్టడం, నడిపించడం కూడా ఇలా నెలల మీద కుదిరేవే. ముందుకాళ్లు భుజాల కింద స్తంభాల్లా నిటారుగా, వెనకకాళ్లు మడమ నుంచి పాదం దాకా నేలకు నిలువుగా ఉండేలా నిలబెట్టి, అర నిమిషం చాలు, మెచ్చుకుని వదిలేయాలి. అద్దం ముందు చేస్తే జడ్జికి కనబడేది మీకూ కనబడుతుంది. నడకలో ముందు కుడికాలూ వెనక ఎడమకాలూ కలిసి లేవాలి. ఒకే పక్క కాళ్లు రెండూ కలిసి లేచాయంటే అది ఒంటె నడక, మీరు మరీ నెమ్మదిగా నడుస్తున్నారనో కుక్క అలసిపోయిందనో గుర్తు. నేను తెల్లవారుజామున అయోధ్య మైదానంలో దానితో పరుగెత్తి, దానికి తగిన వేగం పట్టుకోవడానికే మూడు వారాలు పట్టింది, అప్పటికి నా పొట్ట కూడా కాస్త తగ్గింది. కుక్క మీ ఎడమ పక్కన ఉండాలి, దానికీ జడ్జికీ మధ్య మీరు అడ్డం రాకూడదు. మా ఊరి మూడు లాంతర్ల కూడలి దగ్గర సాయంత్రం రద్దీలో పావుగంట నిలబెడితే, షామియానా కింద మైకు గోల దానికి లెక్కే కాదు.

బయలుదేరే రోజు కడుపునిండా తిండి పెట్టవద్దు. మా మల్లి ఆ మొదటిసారి తగరపువలస వంతెన రాకముందే తిన్నదంతా వెనక సీటు మీద కక్కింది. ఇంటి నీళ్లు, అలవాటైన చాప, తడిపి కప్పడానికి ఒక తువ్వాలు ఉంటే చాలు. టీకాలు పూర్తి కాని పిల్లను, గోమారి పట్టి జ్వరంతో ఉన్న కుక్కను, పేరు ఇచ్చేశాం కదా అని తీసుకొచ్చేవాళ్లను నేను చూశాను; పక్కన వందల కుక్కలుంటాయన్న ఇంగితం కూడా లేకపోతే ఎలా?

తోటపాలెం కుర్రవాడికి ఇవన్నీ ఫోన్‌లో చెప్పలేక, కుక్కను పట్టుకుని మా ఇంటికి రమ్మన్నాను. వచ్చాడు. నల్లటి మగపిల్ల, ఎనిమిది నెలలు, చక్కటి తల, మంచి తోక, పక్కటెముకలు ఎంత వెతికినా చేతికి తగల్లేదు. పేపర్లు ఏవని అడిగితే "వస్తాయన్నారు అన్నయ్యా" అన్నాడు. ఈసారి కుక్కను ఇంట్లో వదిలి నువ్వొక్కడివే రా, రింగు పక్కన కుర్చీ వేసుకుని సాయంత్రం దాకా లాబ్‌లనే చూడు, వచ్చే చలికాలానికి పేరు ఇద్దాం అని చెప్పాను. ముఖం కాస్త చిన్నబుచ్చుకున్నాడు. ఆ మాటల మధ్యలోనే పక్కింటి పిల్లవాడు టోపీ పెట్టుకుని గేటు తీశాడు, నల్లపిల్ల రెండడుగులు వెనక్కి వేసి వాడి మీద మొరిగింది.