రేడియో గరగర గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ గరగర గారి సముఖమునకు,

పర్లాకిమిడి నుంచి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. తమరి క్షేమం వేరే అడగనక్కర్లేదు. రేడియో స్విచ్చి వేస్తే చాలు, దిట్టంగా ఉన్నారని వీధి చివరిదాకా తెలుస్తోంది.

మా కోరిక పెద్దదేం కాదండి. ఆకాశవాణి విశాఖ కేంద్రం, మీడియం వేవులో 927 కిలోహెర్ట్జ్, తెలుగు వినాలి. 1936లో మా ఊరిని ఒడిశాలో కలిపారు గానీ, మీడియం వేవుకి ఆ గీత తెలీదు. సుమారు 150 కిలోమీటర్లు నేలని పట్టుకుని, పాతపట్నం దాటి పట్టపగలే వస్తుంది. అంత దూరం వచ్చిన తెలుగుని తీరా మా గుమ్మంలో తమరు ఆపేస్తున్నారు.

ఏంటెన్నా ఎక్కడ పెడదామంటే ఇంట్లో అందరిదీ ఒకటే మాట: డాబా మీద. ఎంత ఎత్తయితే అంత మంచిదని టీవీ కాలం నాటి నమ్మకం. ఆ డాబా ఎప్పుడో తమరి దివాణం అయిపోయిందని వాళ్ళకెలా చెప్పేది? సీసీ కెమెరా అడాప్టరు అక్కడే, మెట్ల మీద చవక ఎల్ఈడీ బల్బు అక్కడే, స్తంభం నుంచి సర్వీసు వైరు దిగేదీ అక్కడే. ఆ అడాప్టర్లు కరెంటుని సెకనుకి వేల సార్లు తరుగుతాయి. ఎగిరిన పొట్టంతా వచ్చి 927 మీద పడుతుంది. దాన్ని ఆపే ఫిల్టరు ఖర్చని చవక బల్బువాడు మానేస్తాడు. ఇక ఇంటి వైరింగు మొత్తం తమరి ఏంటెన్నాయే, అద్దె కూడా లేకుండా.

వాస్తు తెలిసినాయన నైరుతి మూల చూపించారు. విశాఖ కూడా అటే కదా అని మురిసిపోయాం. ఆ మూల గోడకి అవతల పొరుగింటి ఇన్వర్టరు ఉంది. వాస్తులో ఇన్వర్టరుకి పరిహారం లేదట.

అందుకని పండితుణ్ణి మానేసి, బ్యాటరీ రేడియో పట్టుకుని తమరినే అడుగుతూ పెరడంతా తిరిగాం. ఏ స్టేషనూ లేని చోట ముల్లు పెట్టాం. మెయిను దించితే తమరు సగానికి తగ్గారు. మిగతా సగం పొరుగువారి సొత్తన్నమాట. మీటరు పెట్టె దగ్గర వీరంగం, తులసికోట దగ్గర గొణుగుడు. పశువులశాల దాటి నూతి వెనక కొబ్బరిచెట్టు కిందకి వెళ్ళాక, చెవి ఆనిస్తే తప్ప తమరి జాడ లేదు. అక్కడే నించుని రేడియోని మెల్లగా తిప్పి, లోపల ఏంటెన్నాగా పనిచేసే ఫెర్రైటు కడ్డీ కొసని ఇంటివైపు పెడితే అదీ మాయం!

తమరి గుట్టు అప్పుడు దొరికింది. ముప్ఫై మీటర్లు జరిగితే విశాఖకి తేడా పడదు, తమరికి మాత్రం ప్రాణం మీదికొస్తుంది. ఎత్తు కాదండి, ఎడం కావాలి.

ఏంటెన్నా తీగ అక్కడే కట్టాం, కరెంటు తీగకి అడ్డంగా. తమరేం తక్కువ తిన్నారా? ఆ తీగ నుంచి రేడియో దాకా లాగిన కోయాక్సియల్ కేబులు లోహపు పైతొడుగు పట్టుకుని దొంగదారిన వచ్చారు. దానికి తమరిని అడ్డే ఫెర్రైటు రింగులు తొడిగి, ఇంటి ఎర్తుతో పొత్తు లేకుండా చెట్టు మొదట్లో వేరే ఎర్తు కడ్డీ దిగేశాం. ఇప్పుడు పొద్దుటి వార్తల్లో చదివేవారు కాగితం తిప్పిన చప్పుడు కూడా వినిపిస్తోంది. ఉరుముల రోజున ఫెళఫెళమంటూ తమరి మేనమామ వస్తారనుకోండి, పెద్దాయన, ఆయనకి అడ్డు చెప్పలేం.

మా ఒప్పందం ఇది: డాబా తమరిది, కొబ్బరిచెట్టు మాది. అయితే నూతి అవతలి పొలంలో సోలారు పంపు పెడుతున్నారని, దాని కంట్రోలరు పెట్టె సరిగ్గా మా కంచె మీదే బిగిస్తారని నిన్న కబురొచ్చింది. అందులో తమరి హస్తం ఉంటే ముందుగా తెలియజేయగలరు. తీగ విప్పుకోడానికి మాకు కాస్త వ్యవధి కావాలి.

ఇట్లు,
విశాఖ కేంద్రం శ్రోత,
పర్లాకిమిడి