కేసు పెడితే డబ్బు రాదని మీకు చెప్పింది ఎవరు?

క్రిప్టోలో పెడితే రోజూ లాభం అని మా ఊళ్లో ఆరు వందల మంది చేత డబ్బు పెట్టించిన యాప్ ఆగిపోయి నేటికి ఇరవై ఆరు రోజులు. నిన్న రాత్రి కూడా మా టెలిగ్రామ్ గ్రూపులో అదే మెసేజ్ తిరిగింది. “దయచేసి ఎవరూ కంప్లైంట్ ఇవ్వొద్దు. కేసు అయితే వాలెట్లన్నీ ఫ్రీజ్ చేస్తారు, అందరి డబ్బూ ఇరుక్కుపోతుంది. ఇన్నాళ్లు ఓపిక పట్టాం, ఇంకో పది రోజులు పడదాం.” దాని కింద వరసగా దండాలు, “కరెక్ట్ అన్నా” అని జవాబులు. అది చదివాక నాకు నిద్ర పట్టలేదు. గ్రూపులో ఉన్న ఆరు వందల మందిలో పదిమంది చదివినా చాలని ఇది రాస్తున్నాను.

ముందు నా సంగతి చెప్పాలి. బస్టాండు దగ్గర జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ నడుపుతాను. పొద్దున్నించి రాత్రి దాకా ఊళ్లోవాళ్లకు అప్లికేషన్లు నింపే పని నాది. నేనూ అరవై వేలు పెట్టాను. నా మాట మీద మా బామ్మర్ది నలభై వేలు పెట్టాడు. చేరిన రెండో వారంలో నా బ్యాంకు ఖాతాలో మూడు వేల రెండు వందలు పడ్డాయి. ఆ స్క్రీన్‌షాట్ నేనే అతనికి పంపాను. “బావా, నువ్వు చూసే ఉంటావుగా” అన్నాడు. నేను ఏమీ చూడలేదు. డబ్బు పడిందని చూశాను, అంతే.

మధ్యాహ్నం ఒంటి గంటకు ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి గ్రూపులో కోడ్ వచ్చేది. దాన్ని కాపీ చేసి యాప్‌లో పేస్ట్ చేస్తే నిమిషంలో బ్యాలెన్స్ పెరిగేది. రోజుకు రెండు శాతం. ఒంటి గంట అయిందంటే మా లైనులో టైలర్ మిషన్ ఆగేది, మెడికల్ షాపులో మందులిస్తున్న చెయ్యి ఆగేది, అందరూ ఫోన్లు తీసేవాళ్లు. ఎక్కడో ట్రేడింగ్ జరుగుతోందని, ఆ కోడ్ దాని సిగ్నల్ అని చెప్పారు. ఆ యాప్ చేసేదల్లా స్క్రీన్ మీద అంకె మార్చడమే అని ఇప్పుడు అర్థమవుతోంది. మనం ఫోన్‌పే చేసిన డబ్బు వెళ్లింది ఎవరెవరివో సేవింగ్స్ ఖాతాలకు. ప్రతిసారీ కొత్త పేరు. అక్కడినుంచి అది యూఎస్‌డీటీ అనే క్రిప్టోగా మారి ఎటు పోయిందో వెతకాల్సింది పోలీసులే. రోజుకు రెండు శాతం చొప్పున చక్రవడ్డీ కడితే లక్ష రూపాయలు ఏడాది తిరిగేసరికి 13 కోట్లు దాటాలి. ఈ లెక్క నా టేబుల్ మీద ఉన్న క్యాలిక్యులేటర్‌లోనే వేయొచ్చు. నేను వేసింది మాత్రం యాప్ ఆగిపోయిన తర్వాత.

తర్వాత జరిగినదంతా మీకూ తెలుసు. సర్వర్ అప్‌గ్రేడ్, 72 గంటలు ఆగండి అన్నారు. ఆ తర్వాత ఖాతా వెరిఫికేషన్‌కు 120 డాలర్లు కట్టమన్నారు. కట్టినవాళ్లను మళ్లీ ఇంకోటి అడిగారు. ఇండియాలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది కదా, అది ముందు కడితేనే విత్‌డ్రా అన్నారు. ఇక్కడే చాలామంది పడ్డారు, ఎందుకంటే ఆ పన్ను నిజంగానే ఉంది. 2022 ఏప్రిల్ నుంచి 30 శాతం పన్ను, అదే ఏడాది జులై నుంచి 1 శాతం టీడీఎస్ ఉన్నాయి. కానీ ఆ పన్ను మనం కట్టేది ఇన్‌కమ్ ట్యాక్స్ డిపార్ట్‌మెంట్‌కు. మన డబ్బు మనకివ్వడానికి యాప్‌వాడి వాలెట్‌లో పన్ను కట్టించుకునే పద్ధతి ఏ చట్టంలోనూ లేదు. నా షాపు బల్ల మీద కూర్చునే ఒక పెద్దాయన భార్య గాజులు తాకట్టు పెట్టి ఆ పన్ను కట్టారు.

ఇప్పుడు ఊళ్లో ఎక్కడ విన్నా ఒకటే మాట, అత్యాశకు పోయారు. ఈ మాట వింటే నాకు కడుపు మండిపోతుంది. మన ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు దొరికితే అదృష్టం అనుకుంటాం. అలాంటి చోట బతికే మనిషికి, బ్యాంకు ఎఫ్‌డీ మీద వచ్చేదానితో పిల్లల ఫీజు కట్టలేని మనిషికి, పక్కింటివాళ్ల ఖాతాలో డబ్బు పడటం కళ్లారా చూపించి నమ్మించారు. ఆశ పడ్డాం, నిజమే. ఆశ పడినందుకు దొంగను వదిలేసి మమ్మల్ని నిలబెట్టి అడుగుతారా? పైగా ఈ మాట వల్ల జరుగుతున్న నష్టం అంతా ఇంతా కాదు. నలుగురూ నవ్వుతారని, పేరు పేపర్లో పడుతుందని భయపడి స్టేషన్ గడప తొక్కనివాళ్లు నాకు తెలిసే యాభై మంది ఉన్నారు. దొంగకు కావాల్సింది ఆ మౌనమే.

నేనూ తొమ్మిది రోజులు నోరు మూసుకున్నాను. పదో రోజు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాను. యూటీఆర్ నంబర్లు, అంటే ప్రతి చెల్లింపుకూ బ్యాంకు ఇచ్చే నంబర్లు అడిగారు, ఫిర్యాదు రాసుకున్నారు. నేను ఆఖరున డబ్బు పంపిన ఖాతాలో అప్పటికే ఏమీ మిగల్లేదని తర్వాత తెలిసింది. మొదటి రోజు చేసి ఉంటే ఆ ఆఖరు పదివేలైనా బ్యాంకులో ఆగేదేమో. ఆ నంబరు ఉన్నదే అందుకు. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు దూకేలోపు పట్టుకోవాలి. “72 గంటలు ఆగండి” అని వాళ్లు అడిగింది సర్వర్ కోసమో, డబ్బు దాటించుకోవడం కోసమో మీరే ఆలోచించండి.

కేసు పెట్టడం వల్లే డబ్బు పోతుందనే మాట కొత్తదేం కాదు. బిట్‌కనెక్ట్ అని ఒక క్రిప్టో కంపెనీ ఉండేది, నెలకు 40 శాతం దాకా లాభం అని ప్రపంచమంతా జనాన్ని చేర్చుకుంది. 2018 జనవరిలో టెక్సాస్, నార్త్ కరోలినా రాష్ట్రాల అధికారులు దాన్ని ఆపమని నోటీసులిచ్చారు. అదే నెల 16న లెండింగ్, అంటే జనం డబ్బు పెట్టి లాభం తీసుకునే పథకం, మూసేస్తూ కంపెనీ చెప్పిన కారణాలు ఆ నోటీసులు, చెడు ప్రచారం, సైబర్ దాడులు. జనం పెట్టిన డబ్బును తన సొంత కాయిన్‌గా, ఒక్కో కాయిన్ 363 డాలర్ల లెక్కన చేతిలో పెట్టింది. ఆ కాయిన్ ధర గంటల్లో కుప్పకూలింది. అప్పుడూ కొంతమంది సభ్యులు తిట్టింది నోటీసులిచ్చిన అధికారులనే. అది 240 కోట్ల డాలర్ల మోసమని అమెరికా ప్రాసిక్యూటర్లు తేల్చారు. దాన్ని స్థాపించిన గుజరాత్ మనిషి మీద 2022లో అక్కడ అభియోగాలు నమోదయ్యాయి. 2023 జనవరిలో కోర్టు 40 దేశాల్లోని దాదాపు 800 మంది బాధితులకు 1.7 కోట్ల డాలర్లు ఇప్పించింది. మన ఈడీ 2025 ఫిబ్రవరిలో అదే వ్యవహారంలో 1,646 కోట్ల రూపాయల విలువైన క్రిప్టోను స్వాధీనం చేసుకుంది. పోయినదాంతో పోలిస్తే బాధితుల చేతికి వచ్చింది చాలా తక్కువ, అందులోనూ ఐదేళ్లు పట్టింది. కానీ ఆ కాస్తయినా వచ్చింది కేసు వల్ల. ఓపిక పట్టినందుకు ఆ కంపెనీ తానుగా తెచ్చి ఇచ్చింది ఏమీ లేదు.

వన్‌కాయిన్ అనే నకిలీ క్రిప్టో సంగతి మన దేశంవాళ్లు ఇంకా గుర్తుపెట్టుకోవాలి. 2017 ఏప్రిల్‌లో నవీ ముంబైలో సెమినార్ జరుగుతుండగా పోలీసులు వెళ్లి నిర్వాహకులను అరెస్టు చేశారు. దాన్ని నడిపిన రూజా ఇగ్నటోవా బల్గేరియా నుంచి ఏథెన్స్‌కు విమానమెక్కి మాయమైంది ఆ ఏడాది అక్టోబర్‌లో. అంటే ఆమె పారిపోవడానికి ఆరు నెలల ముందే ఇక్కడ ఎవరో ధైర్యం చేసి నోరు విప్పారు. అరెస్టుల వార్త చూసి డబ్బు కట్టకుండా ఆగిపోయిన కుటుంబాలు ఎన్నో ఉండి ఉంటాయి. వాళ్లకు ఆ ఫిర్యాదుదారు ఎవరో కూడా తెలిసి ఉండదు. ఇగ్నటోవా కోసం ఎఫ్‌బీఐ ఇప్పటికీ వెతుకుతోంది. ఆమె భాగస్వామి గ్రీన్‌వుడ్‌కు 2023లో 20 ఏళ్ల జైలు పడింది.

మన రాష్ట్రాల్లో అగ్రిగోల్డ్ చూశాం కదా. అది క్రిప్టో కాదు, కానీ బాధ అదే. లక్షల మంది ఏళ్ల తరబడి రోడ్డెక్కారు. 2019లో, మళ్లీ 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చిన్న డిపాజిటర్లకు కొంత చెల్లించినప్పుడు అడిగిన మొదటి కాగితం బాండు. వాళ్ల ట్రంకుపెట్టెలో ఆ కాగితమైనా ఉంది. మన దగ్గర ఏముంది? ఒక ఫోను, ఎప్పుడు మాయమవుతుందో తెలియని ఒక టెలిగ్రామ్ గ్రూపు. దాని ఓనర్ ఒక్క బటన్ నొక్కితే మొదటి రోజు నుంచి నిన్నటి దాకా ఉన్న మెసేజ్‌లన్నీ అందరి ఫోన్లలోంచీ పోతాయి. అందుకే చెబుతున్నాను, ఎవరూ కోపంతో గ్రూపులోంచి లెఫ్ట్ అవ్వొద్దు. కంప్యూటర్‌లో టెలిగ్రామ్ తెరిస్తే చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసుకోవచ్చు. ఫోన్‌పే రసీదుల్లో యూటీఆర్ కనపడేలా, వాలెట్‌కు పంపినవాటికి ట్రాన్సాక్షన్ ఐడీ పూర్తిగా కనపడేలా దాచుకోండి. సగం తెగిన స్క్రీన్‌షాట్ ఎందుకూ పనికిరాదు. చేతకాకపోతే నా షాపుకి రండి, పైసా తీసుకోను.

పోయిన మంగళవారం రాత్రి షట్టర్ సగం దించాక పాలకేంద్రం అక్క వచ్చింది. వంగి లోపలికొచ్చి, “తమ్ముడూ, ఎవరూ లేరు కదా, ఇవి కాస్త ప్రింట్ తీస్తావా” అంది. ఫోన్ నా చేతికిచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ ప్రింటర్ పక్కనే నిలబడింది. నలభై ఒక్క స్క్రీన్‌షాట్లు. చీటీ పాడిన లక్షా ఎనభై వేలు ఐదు విడతల్లో పంపిన రసీదులు, యాప్‌లో బ్యాలెన్స్, లీడర్ పెట్టిన మెసేజ్‌లు. ముప్పై ఎనిమిదోది వచ్చేసరికి “ఇది వద్దు, ఇది తియ్యకు” అని నా చెయ్యి పట్టుకుంది. తను చెల్లెలికి పంపిన మెసేజ్ అది. “నాకు నిజంగానే పడ్డాయే. నువ్వు కూడా పెట్టు. పిల్ల పెళ్లికి అక్కరకొస్తాయి.”

“ఇది చూస్తే నన్నే లోపలేస్తారు కదా తమ్ముడూ?”

“కమీషన్ తీసుకున్నావా అక్కా?”

“నూట యాభై డాలర్లని చూపించింది. చేతికైతే రాలే.”

“బావకు తెలుసా?”

తల అడ్డంగా ఊపింది. కాగితాలు ఇంటికి తీసుకెళ్తే ఎక్కడ పెట్టాలో తెలియక, కవర్లో వేసి నా దగ్గరే ఉంచమంది. రేపొస్తానంది.

ఆమెకు నేనేం చెప్పగలను? నా ఫోన్లోనూ అలాంటి స్క్రీన్‌షాట్ ఉంది కదా. ఈ మోసం కట్టిందే అలా. పైవాడు మనల్ని మన చెల్లెళ్ల మీదికి, బామ్మర్దుల మీదికి పంపాడు. రేపు మనం నోరు తెరవాలంటే ముందు వాళ్ల ముందు తలదించుకోవాలి. దొంగ ముఖం మనం ఎప్పుడూ చూడలేదు, మనవాళ్ల ముఖాలు రోజూ చూడాలి. అందుకే అందరం గమ్మునుంటున్నాం. నేను నా ఫిర్యాదులో బామ్మర్దికి పంపిన స్క్రీన్‌షాట్ కూడా జత చేశాను. చేసే ముందు వాళ్లింటికి వెళ్లి, మా చెల్లెలి ముందే అతనికి చెప్పాను. అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తన రసీదులు తెచ్చి ఇచ్చాడు. ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. అది నేను భరించాల్సిందే.

చేర్పించినవాళ్లకు చట్టంలో ఏమవుతుందో నేను హామీ ఇవ్వలేను, నేను లాయర్ని కాను. 1978 నాటి మనీ సర్క్యులేషన్ నిషేధ చట్టం గొలుసుకట్టు చేర్పించడాన్ని కూడా తప్పంటుంది, నిజమే. కానీ మనంతట మనం వెళ్లి అన్నీ ముందు పెట్టిన బాధితులకూ, ఇంకొకరి ఫిర్యాదులో పేరు బయటపడినవాళ్లకూ చాలా తేడా ఉంటుందని నా నమ్మకం. భయంగా ఉంటే ముందు ఒక మంచి వకీలును కలవండి, నలుగురు కలిసి వెళ్తే ఫీజు కూడా పంచుకోవచ్చు.

లీడర్లకు ఒక మాట. ఫంక్షన్ హాల్లో కార్ తాళాలు పట్టుకుని ఫోటోలు దిగిన మీ ముగ్గురూ ఇప్పుడు మేమూ నష్టపోయామంటున్నారు. అయి ఉండొచ్చు, నేను కాదనను. అయితే మీకు పైన ఉన్నది ఎవరు? మీకు ఐడీలు ఇచ్చిందెవరు, మీటింగ్‌కు డబ్బు పంపిందెవరు, మీ కమీషన్ ఏ ఖాతా నుంచి వచ్చింది? మా ఆరు వందల మంది దగ్గర లేని సమాచారం మీ ముగ్గురి ఫోన్లలో ఉంది. నిజంగా నష్టపోయినవాళ్లు దాన్ని స్టేషన్‌లో ఇస్తారు. కేసు పెట్టొద్దని అర్ధరాత్రి మెసేజ్‌లు పెట్టరు.

ఇంకొకటి. మూడు రోజులుగా గ్రూపులోవాళ్లకు విడివిడిగా మెసేజ్‌లు వస్తున్నాయి, పోయిన క్రిప్టోను హ్యాకింగ్ చేసి వెనక్కి తెస్తాం, ముందు పది శాతం కట్టండి అని. మన నంబర్లు, ఎవరెంత పోగొట్టుకున్నారనే లెక్కతో సహా వాళ్ల దగ్గర ఉన్నాయి. ఎక్కడినుంచి వెళ్లి ఉంటాయో చెప్పక్కర్లేదు. ఎవరికీ రూపాయి కూడా పంపొద్దు, మీ కాళ్లు పట్టుకుంటాను.

ఇవాళ్టికి మన ఊరి నుంచి ఫిర్యాదు ఇచ్చినవాళ్లం, నాకు తెలిసి, ఏడుగురం. ఆరు వందల మందిలో ఏడుగురం. అరవై వేలు పోయిన ఒక్క మనిషి కేసు ఫైల్లో ఒక కాగితం. ఒకే యాప్, ఒకే లీడర్లు, అవే ఖాతాలతో మూడు వందల ఫిర్యాదులు వస్తే దాన్ని పక్కన పెట్టడం ఎవరి తరమూ కాదు. డిపాజిటర్ల రక్షణ చట్టం 1999 నుంచి మనకుంది, 2019లో కేంద్రం తెచ్చిన చట్టమూ ఉంది. ఆస్తులు జప్తు చేసి పంచే దారి వాటిలో ఉంది. పంచే రోజు వస్తే జాబితాలో మన పేరు ఉండాలి కదా.

అక్క మర్నాడు రాలేదు, ఇవాళా రాలేదు. పొద్దున పాలకు వెళ్తే నా క్యాన్ నింపి ఇచ్చింది గానీ ముఖం చూడలేదు. ఆమె కవరు నా టేబుల్ సొరుగులో ఉంది, పైన పేరు రాయలేదు. ముప్పై ఎనిమిదో కాగితం నేను ప్రింట్ తీయలేదు, తియ్యమంటే తీస్తాను. షాపు రాత్రి తొమ్మిదింటి దాకా ఉంటుంది. తొమ్మిది తర్వాత వచ్చేవాళ్ల కోసం షట్టర్ సగం వరకే దించుతున్నాను.